జంకెట్టుకీ జున్నుకీ చుట్టరికం ఉందా?

"జంకెట్ అన్న ఇంగ్లీషు మాట మన జున్నులోంచి పుట్టిందే" అని మా టీములో ఒకాయన మొన్నామధ్య భోజనాల దగ్గర తేల్చేశాడు. కస్టమర్‌ని కలిసొస్తామనే వంకతో పెద్ద మేనేజర్లు ఏడాదికి నాలుగుసార్లు విమానం ఎక్కుతున్నారనీ, అదంతా కంపెనీ సొమ్ముతో జంకెట్టేననీ మాట వచ్చింది. పని పేరు చెప్పి, ఖర్చు ఇంకొకడి మీద రాసి, షికారు తిరిగి రావడాన్నే కదా జంకెట్ అంటారు. ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. పాలని గడ్డకట్టించి, పంచదార వేసి తినే మెత్తటి తీపి వంటకం. ఈ రెండో అర్థం ఎక్కడ చూశాడో మావాడు, సిద్ధాంతం తయారైపోయింది. బందరులో దొరలు దిగారు. మనవాళ్ళు జున్ను పెట్టారు. ఇదేమిటని అడిగితే "జున్ను కట్టిందండీ" అన్నారు. దొరల నోట్లో పడి అది జంకెట్ అయి కూర్చుంది.

వినడానికి ఎంత బాగుందో చూడండి! నాది మండవల్లి దగ్గర పల్లెటూరు. గుడివాడ నుంచి భీమవరం వెళ్ళే రైల్లో కైకలూరుకి ముందొచ్చే స్టేషను. బందరు మాకు కూతవేటు దూరం కాకపోయినా, పొద్దున బస్సెక్కితే పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసేంత దూరం. జున్ను తిని పెరిగిన ఒళ్ళు నాది. కాబట్టి ఈ సిద్ధాంతం నిజమైతే అందరికంటే ముందు కాలరెగరేసేవాణ్ణి నేనే. నిజం కాదు మరి, ఏం చేస్తాం.

ఇలాంటివి తేల్చడానికి మనం ఆఫీసులో రోజూ వాడే పద్ధతే చాలు. సర్వరు రాత్రి రెండింటికి పడిపోయింది, ఫలానావాడి కోడు పొద్దున ఆరింటికి ఎక్కింది అని లాగ్‌లో కనిపిస్తుంటే, తప్పు ఆ కోడుది కాదని ఎవరైనా చెబుతారు. ఇంగ్లీషువాళ్ళ ఓడ 'గ్లోబ్' బందరు చేరింది 1611లో. అసలు ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో. జంకెట్ అన్న మాట ఇంగ్లీషు రాతల్లో 1380ల నుంచీ కనబడుతోంది. రెండొందల ఏళ్ళకి పైగా తేడా! ఓడ రేవు దాటకముందే మాట ఒడ్డుకి ఎలా చేరుతుంది?

జున్నుకి అసలైన చుట్టాలు కావాలంటే ఇంగ్లండు దాకా వెళ్ళక్కర్లేదు, పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. కన్నడంలో గిణ్ణు అంటారు, వస్తువూ అదే, వండే తీరూ ఇంచుమించు అదే. బెంగుళూరులో పనిచేసేవాళ్ళు ఈసారి పక్క సీటు కన్నడిగుణ్ణి అడిగి చూడండి.

అలాగని తెలుగు మాటలేవీ ఇంగ్లీషులోకి వెళ్ళలేదని కాదు. పందికొక్కు వెళ్ళింది. బాండికూట్ మన పందికొక్కేనని యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో వేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో స్పష్టంగా రాశారు. ఆస్ట్రేలియాలో పొడుగు మూతి జంతువొకటి కనబడితే జార్జ్ బాస్ అనే అన్వేషకుడు 1799లో ఈ పేరే దానికి తగిలించాడు. మన పందికొక్కు ఎలుక జాతిది, ఆ ఆస్ట్రేలియా జంతువు కంగారూలాగా కడుపుసంచిలో పిల్లల్ని మోసేది. సంబంధమే లేదు, పేరు మాత్రం ఒకటే. 1996లో ప్లేస్టేషన్ కోసం 'క్రాష్ బాండికూట్' ఆట తయారుచేసినవాళ్ళు ఈ ఆస్ట్రేలియా జంతువునే తీసుకున్నారు. మా పొలాల గట్లకి బొరియలు పెట్టి నీళ్ళన్నీ పక్క చేలోకి పంపేసే పందికొక్కు పేరుతో పిల్లలు అంతగా ఆడుకున్నారంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. అయితే దీనికి ఆధారం ఉంది, తేదీలు కుదురుతాయి, మాట వెళ్ళిన దారి కనిపిస్తుంది. జున్ను సిద్ధాంతంలో ఇవేవీ లేవు.

మరి జంకెట్ ఎక్కడిది? దీనికోసం ఇటలీ వైపు వెళ్ళాలి.

లాటిన్‌లో యుంకుస్ అంటే నీటిపట్టున పెరిగే, మన తుంగలాంటి గడ్డి. ఇటాలియన్లు దాన్నే జుంకో అన్నారు. ఈ గడ్డితో బుట్టలల్లి, విరిగిన పాలముద్దని అందులో వేసేవాళ్ళు. నీళ్ళన్నీ అల్లిక సందుల్లోంచి కారిపోతే బుట్ట ఆకారంలో తాజా చీజ్ మిగిలేది. దాని పేరు జుంకాతా, అంటే తుంగబుట్టది అని. ఇటలీ దక్షిణాన పూలియా, కలాబ్రియా వైపు ఇప్పటికీ ఈ పేరుతోనే అమ్ముతారు. ఫ్రాన్సు పడమటి తీరంలో దీని తోబుట్టువు ఉంది, జోఁషే అంటారు. అక్కడ బుట్ట బదులు గడ్డి చాపలో చుడతారు.

చీజ్ పేర్ల సంగతే అంత, చాలావరకు చేసిన పద్ధతో, వేసిన పాత్రో చెబుతుంటాయి. ఇటాలియన్‌లో చీజ్‌ని ఫర్మాజ్జో అనీ ఫ్రెంచిలో ఫ్రొమాజ్ అనీ అంటారే, ఆ రెండూ అచ్చు అనే అర్థమున్న లాటిన్ ఫోర్మాలోంచి వచ్చినవే. రికోత్తా అంటే మళ్ళీ కాచినది. మొజరెల్లా అంటే తెంపినది, సాగే ముద్దని చేత్తో తెంపి ఉండలు చేస్తారు కాబట్టి. అన్నట్టు, ఆ పేరు 1570లో బర్తొలొమెయో స్కాప్పి అనే పోపుగారి వంటవాడి పుస్తకంలో ఉంది. అసలు సిసలు మొజరెల్లా గేదెపాలతో చేస్తారు. నేపుల్స్ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో గేదెలు మేపిన ఊళ్ళు దానికి పుట్టిళ్ళు. ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకు మా కొల్లేరే గుర్తొచ్చింది. బురద, తుంగ, గేదెలు. సరుకంతా ఉంది, మనవాళ్ళు పెరుగు దగ్గర ఆగిపోయారు.

ఇంగ్లీషులోకి ఈ మాట ఫ్రాన్సు ఉత్తరాది మాండలికం మీదుగా వచ్చింది. తమాషా ఏమిటంటే మొదట చీజ్ రాలేదు, బుట్ట ఒక్కటే వచ్చింది. 14వ శతాబ్దం చివర్లో జంకెట్ అంటే బుట్ట, ముఖ్యంగా చేపలు పట్టడానికో మోయడానికో వాడే గడ్డిబుట్ట! కొల్లేటి వాళ్ళం మనకి ఇంతకంటే దగ్గరి అర్థం ఏముంటుంది? 1380లలో విక్లిఫ్ పేరు మీద వచ్చిన ఇంగ్లీషు బైబిల్లో, పసికందు మోషేని దాచిపెట్టి నైలు నది ఒడ్డున వదిలిన బుట్టని కూడా ఈ మాటతోనే చెప్పారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అదే కథ తెలుగు బైబిల్లో తిరగేస్తే, ఆ బుట్టకి మనవాళ్ళు వాడిన మాట 'జమ్ముపెట్టె'. జమ్ము అంటే కొల్లేట్లో మనిషెత్తున పెరిగే రెల్లులాంటి గడ్డి, మా వైపు పిల్లాణ్ణి ఎవర్నడిగినా చూపిస్తాడు. తుంగతో చాపలల్లుతారు. కిక్కిస గడ్డి ఇళ్ళ కప్పులకీ, దడులకీ వాడేవాళ్ళు. మోషే బుట్టకి తెలుగు చేస్తున్నవాళ్ళకి నీటి గడ్డిలోంచి జమ్ము దొరికింది. ఇంకో చోట, యుద్ధానికి వెళ్ళిన అన్నల్ని చూడబోతున్న దావీదు చేతికి, వాళ్ళ అధికారికి ఇమ్మని తండ్రి పది చీజ్ ముద్దలు ఇస్తాడు. వాటికి మనవాళ్ళు పెట్టిన మాట 'జున్నుగడ్డలు'. అంటే ఇంగ్లీషువాడు ఒకప్పుడు బుట్టకీ, పాలగడ్డకీ కలిపి జంకెట్ అనే ఒక్కమాట వాడితే, తెలుగువాళ్ళు జమ్మునీ జున్నునీ విడివిడిగా పెట్టుకున్నారు. శబ్దం కూడా దగ్గరగా ఉంది కదా అని మళ్ళీ చుట్టరికం కలపకండి మహాప్రభో! మూడు మాటలూ 'జ'తో మొదలవడం ఉత్త కాకతాళీయం.

సరే, మళ్ళీ ఇంగ్లండుకి. 15వ శతాబ్దానికి బుట్ట పేరు అందులో వడ్డించే పాలగడ్డకి అంటుకుంది. గ్లోస్టర్ ప్రభువు హంఫ్రీ ఇంట్లో కొలువు చేసిన జాన్ రస్సెల్ అనే ఆయన, దొరల ఇళ్ళలో వడ్డన ఎలా చెయ్యాలో నేర్పుతూ ఒక పద్యగ్రంథం రాశాడు. అందులో పాలు, మీగడ, పెరుగుగడ్డలతో పాటు జంకెట్‌ని కూడా లెక్కేసి, ఇవి కడుపుని మూసేస్తాయి, జాగ్రత్త అన్నాడు. ఆ తర్వాత తీపి ఏదైనా జంకెట్టే అయింది. తర్వాత తీపి పదార్థాలున్న విందు జంకెట్ అయింది. షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ'లో ఆ మాట విందు భోజనం దగ్గర తీపి వంటకాల అర్థంలోనే వస్తుంది. విందు కాస్తా ఊరి బయట చేసుకునే వనభోజనమైంది. 19వ శతాబ్దం మొదట్లో అది షికారైంది. 1880ల నాటికి అమెరికా వాళ్ళ చేతిలో పడి, ప్రజల సొమ్ముతో అధికారులు చేసే షికారుగా స్థిరపడింది. మన పేపర్లలో శాసనసభ కమిటీల విదేశీ యాత్రల గురించి రాసేటప్పుడు ఇంగ్లీషు పత్రికలు వాడేది ఈ మాటే.

తుంగ, బుట్ట, పాలగడ్డ, తీపి, విందు, షికారు, దొంగ షికారు. ఒక్కో మెట్టు దగ్గర చూస్తే సబబుగానే ఉంటుంది. పక్కవాడు కొంచెం జరిపాడంతే. మొదటి మెట్టునీ చివరి మెట్టునీ పక్కపక్కన పెడితే మాత్రం నమ్మబుద్ధి కాదు. పదిహేనేళ్ళ పాత కోడులో 'టెంప్' అనే వేరియబుల్లో కస్టమర్ల చిరునామాలుండటం చూసినవాళ్ళకి పెద్ద ఆశ్చర్యం ఉండకపోవచ్చు. అక్కడా ఇంతే, ఒక్కొక్కడు కొంచెం కొంచెం జరిపి ఉంటాడు.

తీపి వంటకం అర్థం కూడా పూర్తిగా పోలేదు. ఇంగ్లండు నైరుతిన డెవన్ వైపు జంకెట్ అంటే ఇప్పటికీ పాలగడ్డే, పైన మీగడ వేసి పెడతారు. అమెరికాలో ఆ పేరే ఒక బ్రాండయి రెన్నెట్ బిళ్ళలుగా దుకాణాలకెక్కింది. రెన్నెట్ అంటే పాలు తాగే దూడ పొట్టలో ఉండే, పాలని గడ్డకట్టించే పదార్థం. గోరువెచ్చని పాలలో బిళ్ళ కరిగించి వదిలేస్తే జంకెట్ తయారు.

మనవాళ్ళ జున్ను తేడా ఇక్కడే తెలుస్తుంది. జున్నుకి రెన్నెట్ అక్కర్లేదు, తోడు అక్కర్లేదు, నిమ్మరసం పిండక్కర్లేదు. గేదె ఈనిన మొదటి రెండు మూడు రోజుల పాలు చాలు. మామూలు ఆవుపాలలో మాంసకృత్తులు 3-4 శాతం ఉంటే, ఈనగానే తీసిన మొదటి పూట పాలలో 14 శాతం దాకా ఉంటాయి. దూడకి రోగాలు రాకుండా కాపాడే ప్రతిరక్షకాలే అందులో పెద్ద భాగం. కోడిగుడ్డు సొన లాగా వేడి తగిలితే చాలు, అవి గట్టిపడిపోతాయి. అందుకే మా అమ్మ మొదటి పూట పాలకి మామూలు పాలు చాలా కలుపుతుంది, లేకపోతే జున్ను రబ్బరులా వస్తుంది. రెండో రోజువైతే తక్కువ. మూడో రోజు దాటాక కలపకపోయినా సరిగ్గా కట్టదు. బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తే అయిపోయింది. ఇందులో నీళ్ళు కారిపోయేది లేదు, బుట్టతో పనే లేదు.

అంటే చీజ్ వేరు, జున్ను వేరు. ఒకటి పాలని విరగ్గొట్టి, నీళ్ళు తీసేసి, నిలవ ఉంచడానికి పుట్టింది. ఇంకొకటి నిలవ ఉండదు, ఆ పూటే తినాలి, ఎదురింటికి పంపాలి. అయినా మన స్కూలు ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీల్లో చీజ్ అంటే జున్ను అనే ఉండేది. దానికి తగ్గ మాట మనకి లేదు, దగ్గర్లో కనబడిన మాట పెట్టేశారు. వాళ్ళనీ తప్పు పట్టలేం. తమిళులు పాలాడైకట్టి అని కొత్త మాట కట్టుకున్నారు, మనం ఉన్న గిన్నెలోనే పోసుకున్నాం. దాని ఫలితం ఏమిటంటే, 'హూ మూవ్డ్ మై చీజ్' అనే చిన్న పుస్తకం 1998లో వచ్చి, ఆ తర్వాత ఉద్యోగాలు ఊడే సీజన్‌లో మేనేజర్లందరూ పంచిపెట్టారు గుర్తుందా, దాన్ని తెలుగులో తలుచుకున్నప్పుడల్లా నాకు ఎలుకలు మా వంటింట్లో జున్ను గిన్నె చుట్టూ తిరుగుతున్నట్టే కనబడేది.

జున్నుకి ఇంగ్లీషులో సరైన మాట లేదా అంటే, ఉంది. ఈనిన కొత్తలో పాలని బీస్టింగ్స్ అంటారు. చాలా పాత మాట, జంకెట్ కంటే పాతది, లాటిన్‌ నుంచో ఫ్రెంచి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు, సొంతది. ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో వీటితో పుడ్డింగ్ చేసేవాళ్ళు, అచ్చం మన జున్నే. ఇరుగుపొరుగుకి ఆ పాలు పంచే ఆచారమూ ఉండేది. పాలు పుచ్చుకున్నవాళ్ళు ఆ పాత్రని కడగకుండా తిరిగివ్వాలట, కడిగితే ఆవు వట్టిపోతుందని భయం. మా ఇంట్లో గిన్నె కడిగే ఇస్తారు గానీ ఖాళీగా ఇవ్వరు, చిటికెడు పంచదారో బెల్లం ముక్కో వేసి ఇస్తారు. కొల్లేటి గట్టునా, యార్క్‌షైర్‌లోనా మనుషుల బుర్రలు ఒకేలా పనిచేశాయన్నమాట. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మాట వెళ్ళిందని నిరూపించడం కంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

ఇంకా ఉన్నారు. నోకియా వెలిగిపోయిన రోజుల్లో ఫిన్లాండు వెళ్ళినవాళ్ళు అక్కడి ఊనియూస్తో తినే ఉంటారు. జున్నుపాలని ఓవెన్లో పెట్టి చేసే వంటకం. పేరుకి 'ఓవెన్ చీజ్' అని అర్థం, చేసేది మాత్రం జున్ను. అంటే మనం చీజ్‌ని జున్ను అంటే, వాళ్ళు జున్నుని చీజ్ అన్నారు. ఐస్‌లాండులో అబ్రిస్తిర్ అంటారు, దాల్చినచెక్క పొడి చల్లుకుంటారు. మరాఠీలో ఖర్వస్. సంస్కృతంలోనైతే ఈనిన మొదటి రోజుల పాలకి పీయూషం అని పేరు. అవును, అమృతం అనే అర్థంలో మనం వాడే పీయూషమే.

ఇంత గొప్ప పేరు పెట్టుకున్న జాతి మనుషుల విషయంలో ఏం చేసిందో చూడండి. బాలింత మొదటి పాలని మంచివి కావని పిండి పారబోయించేవాళ్ళు చాలా ఇళ్ళలో. గేదె మొదటి పాలు మాత్రం వీధంతా పంచుకు తినేవాళ్ళు. "ముర్రుపాలు బిడ్డకు తప్పక పట్టించండి" అని అంగన్‌వాడీ గోడల మీదా ఆసుపత్రుల్లోనూ రాతలు రాసి దశాబ్దాల పాటు చెప్పాల్సి వచ్చింది. ఆ గోడరాతలు రాసినవాళ్ళు ముర్రుపాలు అనే మాటని ఎంచుకోవడం నాకు చాలా తెలివైన పనిగా అనిపిస్తుంది. కొలొస్ట్రమ్ అని రాసి ఉంటే ఎవరికీ ఎక్కేది కాదు. (ముర్రా గేదెకీ ముర్రుపాలకీ సంబంధం లేదు, ముర్రా హర్యానా వైపు జాతి. మావాడు ఇది కూడా లేవదీసేలోపే చెప్పేస్తున్నా.)

ఇహ పేరుని కాపాడుకోవడం అంటే ఇటలీ వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. పర్మెజాన్ కథ జంకెట్‌కి సరిగ్గా తలకిందులు. పార్మా ఊరి చీజ్ ఫ్రెంచివాళ్ళ నోటి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి పర్మెజాన్ అయింది. 1666లో లండను తగలబడుతున్నప్పుడు శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి తన వైనుతో పాటు పర్మెజాన్‌ని తోటలో గొయ్యి తీసి పాతిపెట్టానని డైరీలో రాసుకున్నాడు, అంత ఖరీదన్నమాట. తర్వాత ఎక్కడ పడితే అక్కడ, ఎవరు పడితే వాళ్ళు పర్మెజాన్ చెయ్యడం మొదలుపెట్టారు. పర్మిజానో రెజ్జానో అనే అసలు పేరుకి ఐరోపాలో 1996లో రక్షణ వచ్చింది. 2008లో ఐరోపా న్యాయస్థానం, పర్మెజాన్ అన్నా జనానికి గుర్తొచ్చేది ఆ చీజే కాబట్టి ఆ మాట ఇంకొకరు వాడకూడదన్న వైపే మొగ్గింది. అమెరికాలో మాత్రం ఇప్పటికీ ఎవరైనా ఆ పేరుతో అమ్ముకోవచ్చు. మనకీ బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరున్నవాటికి ఆ దారి ఉంది. జున్నుకి ఊరు లేదు, గేదె ఉన్న ప్రతి ఇల్లూ దాని ఊరే. జుంకాతాకీ అంతే, తుంగ ఉన్న ప్రతిచోటా పుట్టింది. అలాంటి పేరు కోసం కోర్టుకెక్కేవాడు ఎవడుంటాడు?

అందుకే జున్ను రెండు వైపుల నుంచీ నలిగిపోతోంది. ఒక వైపు పాలపొడితోనో, గుడ్డు కలిపో, చైనా గ్రాస్ వేసో గడ్డకట్టించి జున్ను అని అమ్మేస్తున్నారు. హైదరాబాదులో నేను తిన్నవాటిలో సగం అలాంటివే, రుచి పళ్ళ మధ్యే తెలిసిపోతుంది. ఇంకో వైపు మెషీను అనువాదాలు చీజ్ కనబడిన ప్రతిచోటా జున్ను అని కొట్టేస్తున్నాయి. "అదనపు జున్ను కావాలా?" అని పిజ్జా ఆర్డరు పేజీ అడిగితే మా అమ్మ అయితే సంబరపడిపోయి అవుననే అంటుంది, వచ్చినది చూసి ఏమంటుందో నేను చెప్పను. మా ఊళ్ళో చూస్తే మేత భూములు చేపల చెరువులయ్యాయి. 2006లో కొల్లేరు అభయారణ్యంలో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు గోల జరిగింది గానీ, అభయారణ్యం బయట చెరువుల సంగతి వేరు. గడ్డి లేక గేదెల్ని తీసేసిన ఇళ్ళు మా వీధిలోనే చాలా ఉన్నాయి. ఎవరింట్లోనైనా గేదె ఈనిందంటే ఇప్పుడది వార్త. జంకెట్ మొదటి అర్థమైన చేపల గడ్డిబుట్ట కూడా ఎటూ పోయింది, కైకలూరు నుంచి హౌరా వెళ్ళే లారీల్లో ఐసు వేసిన ప్లాస్టిక్ ట్రేలే.

తెలుగులో సాఫ్ట్‌వేర్, వెబ్ పేజీలు అనువదించే పని మనలో చాలామంది చేశాం, ఇంకా చేస్తున్నాం. నా అభిప్రాయం ఒక్కటే. చీజ్‌ని చీజ్ అనే రాయండి. ఆ మాట వాడితే తెలుగేమీ చచ్చిపోదు, రైలూ బస్సూ వచ్చినప్పుడు చావలేదు కదా. జున్నుని మాత్రం జున్నుకే వదిలేయండి. ఇంగ్లీషువాడికి చెప్పాల్సివస్తే బీస్టింగ్స్ పుడ్డింగ్ అనండి, వాడికీ తెలియదు, వాడి ముత్తవ్వకి తెలుసు.

మా వైపు మొదటి పూట పాలు, రెండో రోజు పాలు అనే అంటారు, విడివిడి పేర్లు నేను వినలేదు. రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్రల్లో మీ ఇళ్ళలో ఆ రోజుల పాలకి ప్రత్యేకంగా పేర్లేమైనా ఉంటే, అందులో ఏం వేసి వండుతారో కూడా కలిపి రాయండి. మిరియాలు వెయ్యకుండా చేసేవాళ్ళు కూడా రాయొచ్చు, ఏమీ అనను. :-)